నాయన బ్యాటరీ మోసిన రోజులు

పోయిన నెల బెంగుళూరులో మా తమ్ముడి ఇంట్లో అమ్మ ట్రంకుపెట్టె ఖాళీ చేస్తుంటే అడుగున ఒక తువాలు దొరికింది. మరదలు దాన్ని రెండు వేళ్ళతో ఎత్తిపట్టుకొని, "వదినా, ఇది ఎలుకలు కొట్టినాయా, చెదలు కొట్టినాయా?" అని అడిగింది. కిటికీకి ఎదురుగా పట్టుకొని చూస్తే ఆ తువాలు నిండా ఆవగింజంత చిల్లులు, వందలకొద్దీ. నాకు నవ్వు ఆగలేదు. ఎలుకలకు అంత ఓపిక ఉండదు. అవి బ్యాటరీ యాసిడ్ చుక్కలు పడి కాలిన చిల్లులు. నేను కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో పాలిటెక్నిక్ చదువుతున్న రోజుల్లో మా ఇంట్లో చిల్లులు లేని బట్ట వెతికినా దొరికేది కాదు. నాయన పంచె, అవ్వ చీర కొంగు, అమ్మ దిండు గలీబు, చివరికి దేవుడి పటం ముందు వేలాడే తెరకు కూడా చిల్లులే. మరదలికి ఇదంతా చెప్పబోతే ఆమె అప్పటికే తువాలును చెత్తబుట్టలో వేసి చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. వినేవాళ్ళు లేరు కాబట్టి రాస్తున్నాను.

మా క్వార్టర్సు మారికుప్పం స్టేషనుకు అవతలి పక్కన ఉండేది. వరసగా రేకుల ఇళ్ళు, ప్రతి ఇంటి ముందూ కంచె, కంచె మీద ఆరేసిన బట్టలు. పొద్దున బెంగుళూరు రైలు కూతతో సగం వీధి లేస్తే, గని సైరనుతో మిగతా సగం లేచేది. మా ఇంట్లో మాత్రం ఈ రెండింటికంటే ముందే అవ్వ దగ్గుతో అందరూ లేచేవాళ్ళు. అవ్వ అంటే నాయన వాళ్ళమ్మ. ఆమెకు దగ్గు జబ్బేమీ లేదు. కోడలు ఇంకా లేవలేదని ఊరికి తెలియజేయడానికి దగ్గేది. అమ్మ లేచి పొయ్యి వెలిగించగానే దగ్గు తగ్గిపోయేది. నాయన రాగిముద్ద తిని, ఖాకీ నిక్కరు తొడుక్కొని, సైకిలెక్కి డే షిఫ్టుకు వెళ్ళేవాడు. నిక్కరు మీద ఇస్త్రీ మడత చెక్కుచెదరకూడదు. యాసిడ్ చిల్లులు ఉన్నా ఫరవాలేదు.

నాయన ల్యాంపు రూము మేస్త్రీ. గనిలోకి దిగే ప్రతి మనిషీ ఇత్తడి బిళ్ళ ఒకటి అక్కడ ఇచ్చి, టోపీకి తగిలించుకునే దీపం తీసుకోవాలి. నడుముకు కట్టుకునే బ్యాటరీ, దానినుంచి నెత్తిమీది దాకా ఒక వైరు. పైకి వచ్చాక దీపం తిరిగిచ్చి బిళ్ళ తీసుకుంటారు. షిఫ్టు దిగినవాళ్ళ బ్యాటరీలన్నీ నీరసంగా వస్తాయి. వాటిని వరసగా తగిలించి, కరెంటు ఎక్కించి, నీళ్ళు తగ్గితే పోసి, మళ్ళీ వచ్చే షిఫ్టుకు సిద్ధం చేయడం నాయన పని. "నేనిచ్చిన దీపం లోపల ఆరిపోయిందని ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు చెప్పమను చూద్దాం" అని సవాలు విసిరేవాడు. ఎవరూ చెప్పలేదు. ఎదురు పడితే వినాల్సి వస్తుందని సగం మంది వేరే దారిన పోయేవాళ్ళు.

మా గోవిందు మామ అమ్మకు తమ్ముడు. సుగటూరులో పట్టుపురుగులు పెంచి, వాటికి తిండి పెట్టలేక తనే సన్నబడి, కేజీఎఫ్ వచ్చి మా ఇంటి పక్క సందులో గది తీసుకున్నాడు. ఎక్కడినుంచో ఒక పాత పెట్రోలు వ్యాను కొన్నాడు. అది ఎన్ని చేతులు మారిందో దాని తలుపులు చూస్తే తెలిసేది, ఒక్కో తలుపు ఒక్కో రంగు. పొద్దున టీచర్లను ఎక్కించుకొని ముళబాగిలు పక్క పల్లె బడుల్లో దింపి, సాయంత్రం మళ్ళీ తెచ్చేవాడు. మామకు బండి నడపడం వచ్చు, బండి గురించి మాట్లాడటం ఇంకా బాగా వచ్చు. బానెట్ కింద ఏముందో మాత్రం తెలియదు. తెలియదని ఒప్పుకునే అలవాటు మా వంశంలో ఏ పక్కా లేదు.

కొన్నాళ్ళకు ఆ వ్యానులో స్టీరింగు ముందున్న ఎర్రదీపం మినుకు మినుకుమనడం మొదలైంది. తాళం తిప్పగానే వెలిగి, ఇంజను స్టార్టు కాగానే ఆరిపోవాల్సిన దీపం అది. ఇంజను తిరుగుతుంటే దాంతోపాటు తిరిగే ఆల్టర్నేటరు కరెంటు పుట్టించి బ్యాటరీని నింపుతూ ఉంటుంది. మన ఊళ్ళో దాన్ని కూడా డైనమో అనే అనేవాళ్ళు. అది సరిగ్గా పనిచేయకపోతే ఆ దీపం వెలిగి చెబుతుంది. మామకు ఇదంతా తెలియదు. ఎర్రదీపమంటే అపాయమని మాత్రం తెలుసు. మెకానిక్కు దగ్గరికి పోయే బదులు కురుడుమలె వినాయకుడికి మొక్కుకున్నాడు. దీపం ఆరిపోతే నూటొక్క టెంకాయలు కొడతానన్నాడు. వారం తిరక్కుండా దీపం ఆరిపోయింది. మినుకూ లేదు, ఏమీ లేదు. తాళం తిప్పినా వెలగడం లేదు. మామ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. "చూసినావా అక్కా, దేవుడంటే ఆయనప్పా! మెకానిక్కు ఏం పీకతాడు?" అని అమ్మను, నన్ను, అవ్వను, టెంకాయల మూటను వ్యానులో వేసుకొని కురుడుమలె బయల్దేరాడు.

రెండు నిలువుల ఎత్తున్న వినాయకుడి ముందు నిలబడి మామ టెంకాయలు కొట్టిన తీరు చూసి పూజారి కూడా వెనక్కి జరిగాడు. తిరుగు ప్రయాణంలో వాన పట్టుకుంది. వైపర్లు ముందు నెమ్మదిగా, తర్వాత బతిమాలుకుంటున్నట్టు కదిలి, అద్దం మధ్యలో ఆగిపోయాయి. హారన్ కొడితే పిల్లి అరిచినట్టుంది. ఇంజను రెండుసార్లు ఎగిరి ఆగింది. తాళం తిప్పితే టిక్కుమనే చప్పుడు తప్ప మరేం లేదు. అమ్మా, నేనూ వానలో దిగి తోశాం. అవ్వ లోపలే కూర్చొని, "మొక్కు తీరినాక కూడా ఆపినాడంటే టెంకాయలు తగ్గినట్టుండాది. లెక్క సరీగా పెట్టినావా గోవిందూ?" అని అడిగింది. మామ నిజంగానే ఆలోచనలో పడ్డాడు. నాలుగు టెంకాయలు ఇంటికి పచ్చడికి దాచుకున్నాడని తర్వాత తేలింది.

మర్నాడు నాయన చేతిలో పడింది బ్యాటరీ. మా వరండాలో గోనెపట్ట పరిచి దానిమీద పెట్టించాడు. మూతలు విప్పి ఒక్కో గదిలోకీ తొంగిచూశాడు. యాసిడ్ చిక్కదనం కొలిచే గాజు గొట్టం ముంచి చూశాడు. వాసన చూశాడు. ఆఖరికి వేలి కొసను తడిపి నాలుకకు తగిలించి ఉమ్మేశాడు. వంటింటి గడప మీద నిలబడిన అమ్మ, "ఉప్పు సరిపోయిందా, ఇంగ రవంత వేసేదా?" అంది. నాయన పట్టించుకోలేదు. "చార్జి లేదప్పా. రోగమేమీ లేదు, సుమ్మనే ఆకలికి పడిపోయింది. నాకిడిసిపెట్టు" అన్నాడు. సైకిలు క్యారియరు మీద కట్టుకొని డ్యూటీకి తీసుకెళ్ళాడు. ల్యాంపు రూములో రెస్క్యూ వ్యాను బ్యాటరీల కోసం పెట్టిన పెద్ద చార్జరు ఒకటి ఉండేది. దానికి తగిలించాడు. సాయంత్రానికి బ్యాటరీ నిండింది, వ్యాను తాళం తిప్పగానే లేచింది, మామ నాయన కాళ్ళకు మొక్కినంత పనిచేశాడు.

ఆ మర్నాడు సాయంత్రానికి బ్యాటరీ మళ్ళీ పడుకుంది. నాయన మళ్ళీ తీసుకెళ్ళాడు. ఇలా నాలుగు రోజులయ్యేసరికి మామ పాత బ్యాటరీ ఇంకొకటి సంపాదించాడు. ఒకటి వ్యానులో తిరుగుతుంటే ఒకటి ల్యాంపు రూములో నిండుతుండేది. మధ్యాహ్నం మూడుకు నాయన నిండినదాన్ని తెచ్చేవాడు, సాయంత్రం మామ ఖాళీ అయినదాన్ని అప్పగించేవాడు. మొదట్లో ఒక్కరికి, ఒక్కరికంటే ఒక్కరికి, బండి బ్యాటరీకి రోజూ ఈ సేవ ఎందుకని అనుమానం రాలేదు. నాయనకు అసలే రాలేదు. ఎందుకొస్తుంది? పాతికేళ్ళుగా ఆయన చూసిన బ్యాటరీలన్నీ పొద్దున నిండుగా వెళ్ళి సాయంత్రం ఖాళీగా వచ్చినవే. ఖాళీగా రావడం బ్యాటరీ ధర్మం, నింపడం తన ధర్మం. తనను తాను నింపుకునే బండి ఒకటి ఉంటుందన్న ఊహే ఆయన బుర్రలోకి రాలేదు. నాయన ఎంత శ్రద్ధగా నింపితే ఆ రోగం అంత బాగా దాక్కుంది.

ఇంట్లో బ్యాటరీ ఒక మనిషైపోయింది. తులసికోట పక్కన దానికొక పీట. నాయన దాన్ని దించేటప్పుడు ఎవరూ ఎదురు రాకూడదు. వాననీళ్ళు పట్టడానికి రేకు చూరు కింద నాలుగు గాజు సీసాలు, వాటిని ఎవరైనా తాకితే ఇంట్లో గలాటా. శుక్రవారం అవ్వ గుమ్మానికి పసుపు రాసి, మిగిలినది బ్యాటరీకి రాసి కుంకుమ పెట్టేది. "లక్ష్మి లాంటిది, బయట పెట్టకండి" అనేది. పులిసిపోయిన పిండి వాసన మీద గంధకం చల్లినట్టు ఒక ఘాటు ఇల్లంతా ఉండేది, అన్నంలో కూడా తగిలేది. యాసిడ్ పడినచోట చల్లడానికని అమ్మ బజ్జీలకు తెచ్చుకున్న సోడా ఉప్పంతా నాయన వాడేస్తుంటే, ఆ ఏడాది మా ఇంట్లో బజ్జీలు రాళ్ళలాగా వచ్చాయి.

సర్కారు కరెంటుతో మామ బ్యాటరీ నింపడం ఏమిటని అమ్మ అడగకపోలేదు. గనులు ప్రభుత్వానివి అయినప్పటినుంచి నాయన దగ్గర దీనికొక సిద్ధాంతం ఉండేది. "ముందు దొరలది. ఇప్పుడు కంపెనీ ఎవురిది? మనది. మన కరెంటు మన బ్యాటరీకి పోతే దొంగతనం ఎట్లవుతుంది?" అన్నాడు. అమ్మ ఆ సిద్ధాంతాన్ని ఒక్క మాటతో మడతపెట్టింది. "అట్లయితే బంగారమూ మనదే కదా. నా చేతులకు రెండు గాజులకు సరిపడా తెండి, చూస్తాము." నాయన ఆ రోజు మజ్జిగ పోసుకోకుండానే లేచాడు.

నేను అప్పుడు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ రెండో సంవత్సరం. క్లాసులో ఆడపిల్లను నేనొక్కదాన్నే. కొత్తగా నేర్చుకున్నది ఎవరో ఒకరికి చెప్పకపోతే కడుపు ఉబ్బే వయసు. ఒకరోజు భోజనాల దగ్గర, "నాయనా, ఒకసారి డైనమో చూపించకూడదా? బ్యాటరీ తప్పు కాదేమో" అన్నాను. నాయన ముద్ద మింగి, నావైపు జాలిగా చూసి, "నువ్వు బుక్కుతో చదివినావు పాపా. నేను ముక్కుతో చదివినాను. వాసన చూసి చెప్తాను బ్యాటరీ సంగతి" అన్నాడు. అవ్వ పళ్ళులేని నోటితో పడీపడీ నవ్వింది. మామ కూడా నవ్వాడు. నాకు చెవులు మండిపోయాయి. ఆ కంచం ముందు కూర్చొని, ఇంక నేనేమీ చెప్పను, ముక్కుతోనే మోసుకోనీ అనుకున్నాను.

ఒక ఆదివారం నాయన భోజనం చేసి పడుకున్నాక మామ వ్యాను తుడుస్తున్నాడు. నేను వెళ్ళి, పాత బండి బల్బు ఒకటి రెండు వైర్లకు కట్టి బ్యాటరీ మీద పెట్టాను. "మామా, స్టార్టు చెయ్యి. కొంచెం జోరుగా తిప్పు" అన్నాను. ఆల్టర్నేటరు బతికుంటే ఇంజను వేగం పెరిగేకొద్దీ బల్బు తెల్లగా మెరవాలి. బల్బు మెరవలేదు. ఉన్న వెలుగే పసుపు రంగుకు తిరిగింది. బెల్టు చూశాను, బిగువుగానే ఉంది. ఇంజను ఆపించి, తాళం మాత్రం తిప్పి ఉంచమన్నాను. జడలోంచి ఒక పిన్ను తీసి ఆల్టర్నేటరు వెనకభాగానికి దగ్గరగా పట్టుకున్నాను. లోపలి తీగచుట్టకు కరెంటు అందుతుంటే అది అయస్కాంతమవుతుంది, పిన్నును లాగాలి. పిన్ను నా వేళ్ళమధ్య చలనం లేకుండా ఉంది. తిరిగే భాగానికి కరెంటు అందించే రెండు బొగ్గుముక్కలు లోపల అరిగిపోయి ఉండాలి. ఎర్రదీపం కూడా ఆ దారిలోనే వెలుగుతుంది కాబట్టి, దారి పూర్తిగా తెగిపోయిన రోజున దీపం కూడా వెలగడం మానేసింది.

"అంటే," అన్నాడు మామ, నెమ్మదిగా, "దీపం ఆరిపోయింది బాగయినందుకు కాదా?"

"పూర్తిగా చచ్చినందుకు మామా."

మామ తాళం తీసి జేబులో వేసుకున్నాడు. "తొంభైయేడు టెంకాయలే," అని నిట్టూర్చాడు. తర్వాత ఇటూ అటూ చూసి, గొంతు తగ్గించి, "ఇది మీ నాయనకు ఇప్పుడే చెప్పద్దు పాపా. వచ్చే ఆదివారం కాకపోతే ఆ పై ఆదివారం నేనే కోలారుకు తీసుకుపోయి బాగు చేయిస్తాను. అందాక బావ నింపిస్తా ఉండాడు కదా, నింపనీ. పాపం, ఆయనకూ సంతోషమే" అన్నాడు. నేను సరేనన్నాను. మామకు కావలసింది ఉచితంగా వచ్చే కరెంటు. నాకు కావలసింది వేరు. నాయన రోజూ సైకిలు మీద ఆ బరువు కట్టుకొని చెమటలు కక్కుతూ పోతుంటే, వెనకనుంచి చూస్తూ నాకొక్కదానికే నిజం తెలుసనుకోవడంలో ఉన్న రుచి. ఆ రుచి బాగుండేది. ఇన్నేళ్ళ తర్వాత అబద్ధం ఆడి ప్రయోజనం లేదు.

ఆ వారంలోనే గనికి కొత్త సెక్యూరిటీ ఆఫీసరు వచ్చాడు. కేజీఎఫ్‌లో గేటు దగ్గర లోపలికి పోయేవాణ్ణి ఎవరూ పట్టించుకోరు. బయటికి వచ్చేవాణ్ణి తడుముతారు. బంగారం ఉన్న రాయిముక్క ఎవరు ఎక్కడ దాచుకున్నారోనని టిఫిన్ క్యారియరు, చెప్పు, తలపాగా, ఒక్కోసారి నోరు కూడా తెరిపించి చూసేవాళ్ళు. పాత కాపలావాళ్ళకు నాయన బ్యాటరీ అలవాటైపోయింది, చూసీ చూడనట్టు వదిలేవాళ్ళు. కొత్తాయన ఈగను కూడా వదలడని వీధంతా చెప్పుకున్నారు. అమ్మ భయపడిపోయింది. "ఇంగ మూడేండ్ల సర్వీసు ఉండాది. రోజూ ఆ నల్లపెట్టె బయటికి మోసుకొస్తా ఉంటే దాంట్లో ఏముందో అనుకోరా? బంగారం దొంగ అన్నారంటే ఉద్యోగం పోతుంది, పేరు పోతుంది. నిలిపేయండి" అంది.

నాయన అన్నం కలుపుతూ, "నేను నిలిపేస్తే గోవిందు బండి నిలిచిపోతుంది. వాడి నోట్లో మన్ను పడుతుంది. నీ తమ్ముడే కదమ్మా" అన్నాడు. మామ ఆ పూట మా ఇంట్లోనే తింటున్నాడు. తలెత్తలేదు. నేను అక్కడే ఉన్నాను. ఒక్క మాట చాలు. నాయనా, బ్యాటరీ మోయాల్సిన పనే లేదు, తప్పు డైనమోలో ఉండాది, అంటే అయిపోయేది. మామ వైపు చూశాను, మామ పచ్చడి వైపు చూస్తున్నాడు. ఆదివారం ఎంత దూరముంది, నాలుగు రోజులే కదా అనుకున్నాను. ముక్కు మాట గుర్తొచ్చింది. మజ్జిగ పోసుకున్నాను.

ఆ ఆదివారం మామ కోలారుకు పోలేదు. పై బుధవారం మధ్యాహ్నం మూడు దాటాక కాలేజీనుంచి వస్తుంటే గేటు దగ్గర గుంపు కనిపించింది. షిఫ్టు దిగిన మనుషులు ఇళ్ళకు పోకుండా నిలబడి ఉన్నారు. మధ్యలో నాయన సైకిలు స్టాండు వేసి ఉంది, క్యారియరు ఖాళీగా ఉంది. బ్యాటరీ నేలమీద ఉంది. ఆఫీసరు పెద్ద వయసువాడేమీ కాదు, గట్టిగా అరవడం కూడా లేదు. "ఏను ఇదు? లోపల ఏముంది?" అని కన్నడం, ఇంగ్లీషు కలిపి అడుగుతున్నాడు. నాయన బ్యాటరీ అని చెప్పాడు. అది కనిపిస్తూనే ఉంది, లోపల చూడాలి అన్నాడాయన. ఒక కాపలావాడు గునపం తీసుకొని ముందుకు వచ్చాడు.

నాయన చెయ్యి అడ్డం పెట్టాడు. "నువ్వు కొట్టద్దప్పా. యాసిడ్ కండ్లలో పడుతుంది. నేను విప్పుతాను" అన్నాడు.

ఆరు మూతలూ ఒకటొకటిగా విప్పి గుడ్డ మీద పెట్టాడు. బ్యాటరీని పక్కకు వంచి యాసిడ్‌ను మట్టిలో పోశాడు. ఎర్రమట్టి నురగలు కక్కింది. తర్వాత పైన పోసిన తారును స్క్రూడ్రైవరుతో గోకి, మూత ఊడబెరికి, లోపలి సీసపు పలకలను బయటికి లాగి గోనెపట్ట మీద వరసగా పేర్చాడు. నల్లటి పలకలు. అంత మంది చూస్తుంటే ఒక్క పలకను కూడా తొందరగా పెట్టలేదు. ల్యాంపు రూములో ఎలా పెడతాడో అలాగే, అంచులు కలిపి, చక్కగా పెట్టాడు. ఆఫీసరు వంగి ప్రతిదీ చూశాడు. బంగారం లేదు.

"సరే, బంగారం లేదు," అన్నాడు. "మరి ఇది ఇక్కడికి ఎందుకొచ్చింది?"

"చార్జింగుకు సార్."

"ఎవరిది?"

నాయన తల ఎత్తాడు. అప్పుడు గుంపులో నేను కనిపించాను. నన్ను చూస్తూనే, "నాది సార్" అన్నాడు.

ఆ సాయంత్రం అమ్మ పొయ్యి వెలిగించలేదు. అయినా అవ్వ దగ్గలేదు. మామ వచ్చి వాకిట్లో నిలబడి, లోపలికి రాకుండా వెళ్ళిపోయాడు. నాయన వరండాలో కూర్చొని సోడా ఉప్పుతో చేతులు తోముకుంటున్నాడు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక, మొత్తం ఒకేసారి చెప్పేశాను. బల్బు, పిన్ను, బొగ్గుముక్కలు, ఎర్రదీపం. చెబుతుంటే ఏడుపు వచ్చింది. ఆయన మధ్యలో ఆపలేదు. నేను ఆపిన తర్వాత, "ఎన్ని దినాలాయె నీకు తెలిసి?" అని అడిగాడు.

"పది దినాలు నాయనా."

కోప్పడతాడని ఎదురుచూశాను. కొట్టినా బాగుండేది. నాయన తువాలుతో చేతులు తుడుచుకున్నాడు. తర్వాత అన్నాడు: "అండర్‌గ్రౌండులో నెత్తిమీది దీపం తగ్గతా వస్తే పెట్టుకున్నోడికి తెలీదు పాపా. కండ్లు అలవాటు పడిపోతాయి. బాగానే ఉండాది అనుకుంటా పోతా ఉంటాడు. పక్కనుండేవాడు చెప్పాల. ఎదుట ఉండేది మేస్త్రీ కానీ, ఆఫీసరు కానీ, 'నీ దీపం తగ్గింది' అని చెప్పాల. అది లోపల రూలు." తువాలు భుజాన వేసుకొని, "నువ్వు చెప్పింటే నేను కోప్పడేవాడినే" అని ఒప్పుకున్నాడు. "అయినా చెప్పాల."

మర్నాడు పొద్దున ఆయనే నన్ను వ్యాను దగ్గరికి పిలిచాడు. ఆల్టర్నేటరు వెనక రెండు స్క్రూలు విప్పితే బొగ్గుముక్కలున్న చిన్న పెట్టె చేతిలోకి వచ్చింది. ఒకటి గోరంత మిగిలింది, ఇంకొకటి ఇరుక్కుపోయి స్ప్రింగు దాన్ని నెట్టలేక ఊరుకుంది. బజారులో ఆ సైజు దొరకలేదు. పెద్దవి తెచ్చి, నాయన వాటిని మా గడపరాయి మీద నీళ్ళు లేకుండా అరగదీశాడు, ఒక్కో వైపు రుద్దడం, పెట్టె లోపల పెట్టి చూడటం, మళ్ళీ రుద్దడం. నేను బిగించాను. మామ తాళం తిప్పాడు. నెలలుగా చచ్చిన ఎర్రదీపం వెలిగింది, మామ భయంతో చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నా పిన్ను టక్కున వెళ్ళి ఆల్టర్నేటరుకు అతుక్కుంది. వీధివాళ్ళు తోస్తే ఇంజను స్టార్టు కాగానే ఎర్రదీపం ఆరిపోయి, నాయన చేతిలోని బల్బు తెల్లగా మెరిసింది. ఆ బల్బును ముఖానికి దగ్గరగా పెట్టుకొని చూస్తూ ఉండిపోయాడు. "ఇంతేనా?" అన్నాడు. బజారుకు పోయివచ్చింది తీసేస్తే అరగంట కూడా పట్టలేదు.

ఉద్యోగం పోలేదు. పాతికేళ్ళ సర్వీసు చూసి వదిలేశారు. కానీ ల్యాంపు రూము పోయింది. మిగిలిన మూడేళ్ళూ నాయనను స్టోర్సులో వేశారు, పారలు, తాళ్ళు, చీపుర్లు రాసిచ్చే చోట. రిటైరయ్యే రోజు ల్యాంపు రూము వాళ్ళు పిలిచి దండ వేశారు. ఆయన లోపలికి పోలేదు, గుమ్మం దగ్గరే నిలబడి వేయించుకొని వచ్చాడు. ఈ విషయం ఇంట్లో ఎప్పుడూ ఎత్తలేదు. మామ ఆ తర్వాత రెండు బండ్లు మార్చాడు, ప్రతి కొత్త బండినీ కురుడుమలెకు తీసుకెళ్ళే ముందు ఎర్రదీపం నాకు చూపించేవాడు.

ఇప్పుడు గనులు మూతపడ్డాయి. మారికుప్పంనుంచి పొద్దున రైలు నిండా బెంగుళూరు ఆఫీసులకు పోయేవాళ్ళే. వాళ్ళ జేబుల్లోని ఫోను కూడా, నేను నీరసించాను, నన్ను నింపండి అని తనే గోల పెడుతుంది. వస్తువులకు నోళ్ళొచ్చాయి. మనుషులే మర్యాద నేర్చుకొని నోళ్ళు కట్టేసుకున్నారు. నేను మాత్రం ఆ మర్యాద నేర్చుకోలేదు. నేను పనిచేసిన ఆఫీసులో పెద్దసారుకు మతిమరుపు మొదలైనప్పుడు మొహం మీదే చెప్పాను, నన్ను రాయచూరుకు పంపారు. మా ఆయనకు చెవులు తగ్గాయని చెప్పాను, ఆరు నెలలు నా మాట వినిపించనట్టే ఉన్నాడు. తమ్ముడి వ్యాపారంలో పార్టనరు సరిగ్గా లేడని గృహప్రవేశం నాడే చెప్పాను. మా బంధువుల్లో నాకు శుభలేఖ ఇచ్చేవాళ్ళు కార్డు చేతిలో పెట్టేస్తారు, తప్పకుండా రావాలి అని మాత్రం అనరు. అనకపోయినా వెళతాను. చూసింది చెబుతాను. ఎవరేమనుకున్నా అందరికీ వేళకే చెప్పాను. ఒక్క నాయనకే పది రోజులు ఆలస్యంగా చెప్పాను.